మా పెద్దమ్మ చేతిలో కాంటా

మొన్నటి యాసంగిలో పది రోజులు సెలవు పెట్టి ఊరికి వెళ్లాను. మా నాన్నను మోకాలి నొప్పికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామని వెళ్లాను కానీ, ఆ పది రోజుల్లో ఇంట్లో కన్నా ఎక్కువసేపు ఊరి బయట వడ్ల కొనుగోలు సెంటర్లోనే ఉన్నాను. మా ఊరు పాత కరీంనగర్ జిల్లాలో, ముల్కనూరుకు బండి మీద అరగంట దూరం. ఆ సెంటర్‌ను నడిపేది ఊరి గ్రామైక్య సంఘం, అంటే పొదుపు సంఘాలన్నీ కలిసి పెట్టుకున్న సంఘం. దానికి ఈ రెండేళ్లుగా మా పెద్దమ్మే అధ్యక్షురాలు. ఐదో తరగతితో చదువు ఆపేసిన మనిషి.

పొద్దున ఆరున్నరకే తేమ చూసే మిషన్ సంచిలో వేసుకుని వస్తుంది. మా దగ్గర దాన్ని అందరూ 'మ్యాచర్ మిషన్' అంటారు. ఒక్కో కుప్ప దగ్గర ఆగుతుంది, పైన ఉన్న గింజలు తీయదు, మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి అడుగు నుంచి పిడికెడు తీస్తుంది, ఎందుకంటే పైపొర ఎండకు తొందరగా ఆరిపోతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. ఒక గింజ పంటి కింద పెట్టి కొరుకుతుంది. పటుక్కుమంటే మిషన్‌లో వేస్తుంది, మెత్తగా నలిగితే వేయను కూడా వేయదు. ఆ రోజు ఒక కుప్పకు పంతొమ్మిది చూపించింది. పదిహేడు శాతం దాటితే కొనడానికి లేదు. ఆ రైతు మా ఇంటి వెనక అబ్బాయే, నాతో పాటు చదువుకున్నవాడు. "నిన్న పదిహేడే ఉండె గదా పెద్దమ్మా" అన్నాడు. "రాత్రి మంచు పడలే? పొద్దు నెత్తిమీదికి వచ్చేదాక తిరగెయ్ కొడుకా, మళ్ల చూస్త" అంది. వాడికి కోపం వచ్చినట్టే ఉంది కానీ పార తీసుకుని తిరగేయడం మొదలుపెట్టాడు. అదే మాట ఏ దళారీయో అని ఉంటే గొడవయ్యేది. పెద్దమ్మ పొలం వడ్లు కూడా ఆ పక్కనే కుప్ప పోసి ఉన్నాయి, వాటికీ ఆ పొద్దున పద్దెనిమిదిన్నర వచ్చింది, వాటినీ తూకం వేయలేదు. అది అందరూ చూశారు.

పొదుపు సంఘాలకు, చిన్న రైతులకు సాయం చేయాలని మాట్లాడే వాళ్లందరికీ నాకు చూపించాలనిపించేది ఈ దృశ్యమే. ఎందుకో చెబుతాను.

మా ఊళ్లో మొదటి సంఘం పెట్టినప్పుడు నేను చిన్నపిల్లవాడిని. అప్పట్లో డ్వాక్రా అనేవాళ్లు. రోజుకు రూపాయి, నెలకు ముప్పై. దీని వెనక నెల్లూరు జిల్లా కథ ఒకటుంది, తెలిసిన వాళ్లకు మళ్లీ చెప్పక్కర్లేదు గానీ ఈ తరం పిల్లలకు తెలియదు కాబట్టి రెండు ముక్కలు రాస్తున్నాను. దూబగుంటలో రాత్రి బడికి వచ్చి అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు, దూబగుంట రోశమ్మ లాంటి వాళ్లు ముందుండి, 1992లో సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. అది జిల్లా దాటి రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధం దాకా వెళ్లింది. సారాకు పోయే డబ్బును దాచుకుందామన్న ఆలోచన పొదుపుగా మారింది కూడా ఆ జిల్లాలోనే. అంటే పొదుపు సంఘాల వేళ్లు ఆడవాళ్లు కలిసి తీసుకున్న ఒక నిర్ణయంలో ఉన్నాయి. బ్యాంకు అప్పు తర్వాత వచ్చింది.

కానీ మెల్లగా సంఘం అంటే అప్పు అనే అర్థమే మిగిలిపోయింది. మీటింగు అంటే కిస్తీ. మంచి సంఘం అంటే ఒక్క కిస్తీ కూడా తప్పనిది. ఊరికి వచ్చిన ప్రతి అధికారి అడిగే ప్రశ్న ఒకటే, రికవరీ ఎంత? ఈ ప్రశ్న ఎన్నేళ్లుగా అడుగుతున్నారంటే మా వాళ్లు ఎవరైనా కొత్త మనిషి కుర్చీలో కూర్చోగానే అడగకముందే రికవరీ చెప్పేస్తారు. ఆ అప్పుతో ఏం చేశారు, దాని మీద ఏం మిగిలింది అని అడిగిన వాళ్లను నేను ఇద్దరినో ముగ్గురినో చూశాను, అంతే.

2010 ముందు రోజులు మా వీధిలో వాళ్లకు ఇంకా గుర్తే. సంఘానికి బ్యాంకు ఇచ్చే లింకేజీ లోను ఉండగానే ప్రైవేటు ఫైనాన్సు వాళ్లు వచ్చారు. ఆధారాలు అక్కర్లేదు, పదిమంది ఒకరికొకరు జామీను ఉంటే చాలు, మరునాడే చేతిలో పైసలు. వారం వారం కిస్తీ. పెద్దమ్మ పక్కింటి చిన్నమ్మకు ఒకేసారి నాలుగు అప్పులు ఉండేవి, ఒకదాని కిస్తీ కట్టడానికి ఇంకోటి. కిస్తీ రోజున ఒకరు తక్కువ పడితే మిగతా తొమ్మిది మందిని ఆ ఇంటి ముందు కూర్చోబెట్టేవాళ్లు. చిన్నప్పటి నుంచి కలిసి నాట్లేసిన వాళ్లు, ఒకరి పెళ్లికి ఒకరు పసుపు దంచిన వాళ్లు, ఆ గడప ముందు కూర్చుని తిట్టుకోవాల్సి వచ్చింది. చిన్నమ్మ చెవికమ్మలు, తర్వాత బర్రె, తర్వాత ఇంటి వెనక రెండు గుంటలు అమ్మింది. రాష్ట్రంలో చాలామంది ప్రాణాలే తీసుకున్నారు. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చాక ఇంటి మీదికి రావడం ఆగింది. అప్పు ఆగింది కానీ సంఘం మాత్రం వెంటనే అతుక్కోలేదు. దాదాపు రెండేళ్లు ఆ పదిమంది ఒక చాప మీద కూర్చోలేదని పెద్దమ్మ చెబుతుంది.

ఆ చేదు తెలిసిన సంఘమే ఇప్పుడు ఊరి వడ్లన్నీ తూస్తోంది. అందుకే నాకు అంత గర్వం.

తూకం సంగతి ఇంకా చెప్పాలి. నలభై కిలోల సంచి, దానికి బార్దాన్, అంటే ఖాళీ గోనె సంచి, బరువు కలుపుతారు. తాలు, అంటే గింజ పట్టని వడ్లు, పోవడానికి ముందే ఫ్యాన్ పెట్టి పట్టిస్తారు. ట్యాబ్‌లో ఎంట్రీ, లారీ, మిల్లు. అసలు కొట్లాటంతా మిల్లు దగ్గరే. నేను ఉన్నప్పుడే ఒక రోజు ఆరు వందల సంచుల లారీ వెళ్లింది, సాయంత్రానికి ఫోను వచ్చింది, తాలు ఎక్కువుంది, సంచికి రెండు కిలోలు తరుగు తీస్తాం, ఒప్పుకుంటేనే దించుకుంటాం అని. ఆరు వందల సంచులకు రెండు కిలోల చొప్పున పన్నెండు క్వింటాళ్లు. అప్పటి మద్దతు ధర 'ఏ' గ్రేడు వడ్లకు క్వింటాలుకు 2,320, అంటే 27,840 రూపాయలు. పది పదిహేను మంది రైతుల జేబులో నుంచి ఒక్క ఫోన్ కాల్‌తో పోయే డబ్బు అది. అందులో ఎకరం, ఎకరంన్నర వాళ్లే ఎక్కువ.

పెద్దమ్మ, ఇంకో ముగ్గురు, ఆటో మాట్లాడుకుని బయల్దేరారు. నన్నూ రమ్మంది, లెక్కలు చదవడానికి. వాళ్లు ప్రతి కుప్ప నుంచి పిడికెడు గింజలు కవర్లో వేసి, మీద రైతు పేరు, తేదీ, తేమ ఎంతో రాసి, రైతు సంతకం పెట్టించి దాస్తారని నాకు అప్పటిదాకా తెలియదు. ఎవరూ చెప్పకుండా, ముందటి ఏడు మోసపోయాక వాళ్లే మొదలుపెట్టిన పద్ధతి. మిల్లు గుమాస్తా బల్ల మీద ఆ కవర్లన్నీ వరసగా పరిచింది. "ఏ సంచిల తాలు ఉన్నదో చూపియ్యి బిడ్డా, ఆ రైతు పేరు నేను చెప్త" అంది. మూడు గంటలు కూర్చున్నారు. చివరికి అరకిలో దగ్గర తెగింది. అదీ తీయకూడనిదే, ఆ అరకిలో గురించి వాపసు వచ్చేటప్పుడు ఆటోలో దారి పొడుగునా బాధపడుతూనే ఉన్నారు. కానీ ఒక రైతు ఒంటరిగా వెళ్లి ఉంటే ఆ బల్ల దాకా కూడా రానిచ్చేవాళ్లు కాదు.

ఈ పనికి సంఘానికి కమిషన్ వస్తుంది, క్వింటాలుకు 30 రూపాయలకు కాస్త పైన. పది వేల క్వింటాళ్లు కొంటే మూడు లక్షలు దాటుతుంది. ఊరి ఆడవాళ్లు పని చేసి, అప్పు లేకుండా సంఘం ఖాతాలో వేసుకునే డబ్బు. అది సమయానికి రాకపోవడమే బాధ. నేను వెళ్లినప్పటికి రెండు సీజన్ల కమిషన్ బాకీ ఉంది. ఎండలో రెండు నెలలు నిలబడ్డ వాళ్లకు కూలి కోసం సంఘం పొదుపులో నుంచి తీసి ఇచ్చారు. ఇదే సంఘం బ్యాంకుకు ఒక్క రోజు ఆలస్యంగా కట్టినా వడ్డీ పడుతుంది కదా, వీళ్లకు రావాల్సిన దాని మీద మాత్రం వడ్డీ ఎవరూ లెక్క కట్టరు. నాకు ఇది చాలా అన్యాయంగా అనిపిస్తుంది. ఆడవాళ్ల పనిని సేవ అని పొగిడి కూలి ఎగ్గొట్టడం మన దగ్గర ఇంట్లోనూ ఉంది, బయటా ఉంది.

ఇంకో సంగతి కౌలు రైతులది. సెంటర్లో వడ్లు రాయాలంటే పట్టా పాసుబుక్కు అడుగుతారు, డబ్బు పడేది ఖాతాలో. మా ఊళ్లో భర్త చనిపోయిన ఒక అక్క రెండెకరాలు కౌలుకు చేస్తుంది. ముందటి ఏడు వడ్లు భూమి యజమాని పేరు మీద రాయిస్తే డబ్బు ఆయన ఖాతాలో పడింది, ఆయనకున్న పంట రుణం కింద బ్యాంకు వెంటనే పట్టేసుకుంది. ఆయనది తప్పు లేదు, ఈమెదీ లేదు. ఆమె వడ్ల పైసల కోసం నాలుగు నెలలు తిరిగింది. ఈసారి సంఘం వాళ్లు ముందే భూమి యజమానితో, వ్యవసాయ విస్తరణ అధికారితో మాట్లాడి కాగితం రాయించి, డబ్బు ఆమె ఖాతాకే పడేలా చేశారు. ఏ పథకంలోనూ ఈ పని రాసి ఉండదు. ఎవరి పొలం ఎవరు చేస్తున్నారో పేరు పేరునా తెలిసిన వాళ్లు కాబట్టి చేయగలిగారు.

మా పక్కనే ముల్కనూరు ఉంది కాబట్టి మాకు చిన్నప్పటి నుంచీ ఒక ఉదాహరణ కళ్ల ముందుంది. అక్కడ 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి గారు పెట్టిన రైతుల సహకార బ్యాంకు గురించి చాలామందికి తెలుసు. నాకు మాత్రం ఆడవాళ్ల పాల డెయిరీ ఇంకా పెద్ద విషయంగా కనిపిస్తుంది. చుట్టుపక్కల ఊళ్ల మహిళా పొదుపు సంఘాలు కలిసి, 1995 నాటి పరస్పర సహాయ సహకార చట్టం కింద రిజిస్టర్ చేసుకుని, 2002లో పాలు తీసుకోవడం మొదలుపెట్టారు. స్వకృషి పేరుతో అమ్ముతారు. సభ్యులూ ఆడవాళ్లే, పాలకవర్గమూ ఆడవాళ్లే. మా చిన్నమ్మ బర్రె అమ్ముకున్న రోజుల్లోనే, పది ఊళ్ల అవతల ఇంకో ఆడమనిషి బర్రె పాలు పోసి, వెన్న శాతం చూసి కట్టిన ధర తీసుకుని, ఏడాది చివర బోనస్ కూడా తెచ్చుకుంది. ఇద్దరూ ఒకే రకం పొదుపు సంఘం నుంచి వచ్చిన వాళ్లే. ఒకరికి దొరికింది అప్పు మాత్రమే, ఇంకొకరికి పాలు కొని అమ్మే డెయిరీలో వాటా. జహీరాబాద్ వైపు డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో దళిత మహిళలు విత్తనాలే బ్యాంకులా నడుపుతారు, విత్తనం తీసుకున్న మనిషి పంటయ్యాక తీసుకున్న దాని కన్నా ఎక్కువ కొలిచి ఇస్తుంది. 2019లో వాళ్లకు ఐక్యరాజ్యసమితి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. అక్కడా అంతే, జొన్న, కొర్ర, కంది ఆడవాళ్ల చేతిలో ఉన్నాయి కాబట్టి మాట వాళ్లది.

2024 వానాకాలం పంట వచ్చాక, నవంబరులో మేమూ ఒక చిన్న ప్రయత్నం చేశాం. మేము అని ఎందుకంటున్నానంటే నేనూ కొంచెం ఉన్నాను. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్‌లో వాళ్లు సన్నబియ్యం కోసం ప్రతి నెలా మార్కెట్ మీద పడతారు, మా ఊళ్లో ఆర్ఎన్ఆర్ 15048 అనే సన్న రకం, అంటే తెలంగాణ సోనా, బాగా పండుతుంది. సంఘం కొని, పట్టించి, పంపితే? ఫోన్లో అన్నప్పుడు పెద్దమ్మ వెంటనే ఒప్పుకోలేదు. "కొత్త బియ్యం అన్నం ముద్దయితది, పట్నపోల్లు తింటరా?" అంది. నిజమే. ఆరు నెలలైనా మాగాలి. అంటే కొన్న డబ్బు ఆరు నెలలు కదలకుండా ఉండాలి, చిన్న రైతు ఎందుకు కోసిన వారానికే అమ్ముకుంటాడో నాకు అప్పుడు సరిగ్గా అర్థమైంది.

సన్నాలకు మద్దతు ధర మీద 500 బోనస్ ఉంది కాబట్టి రైతుకు 2,820 ఇవ్వాలి, తక్కువిస్తే ఎవరిస్తారు? యాభై క్వింటాళ్లకు 1,41,000. పెద్దమ్మ ఉన్న పదిమంది పొదుపు సంఘానికి లింకేజీ లోను వచ్చి ఉంది. మామూలుగా అయితే ఆ డబ్బు పదిమందికి సమానంగా పంచేస్తారు, అందరికీ గొడవ లేని దారి అదే. ఈసారి లక్షన్నర పంచకుండా పక్కన పెడదామంది పెద్దమ్మ. మీటింగు రాత్రి తొమ్మిదిన్నర దాకా నడిచిందట. ఒకామెకు కొడుకు కాలేజీ ఫీజు, ఇంకొకామెకు బోరు మోటారు రిపేరు. "పంచుకుంటే తలా పదిహేను వేలు. పదిహేను వేలకు బర్రె తోక కూడ రాదు" అని పెద్దమ్మ, "నాకు తోక వద్దు, మోటారు కావాలె" అని ఆమె. చివరికి మోటారు ఆమెకు పొదుపులో నుంచి విడిగా ఇచ్చి తీర్మానాల పుస్తకంలో రాసుకున్నారు. ఆ పేజీ ఫోటో తీసి నాకు పంపారు, పది సంతకాలు, అందులో రెండు వేలిముద్రలు.

వడ్లు బియ్యంగా చేసి పెడితే పురుగు పడుతుంది, వడ్లుగానే దాచాలి. పదిహేడు శాతం తేమతో దాస్తే ముక్కిపోతాయి కాబట్టి పదమూడు దాకా ఆరబెట్టారు. ఇక్కడే మా లెక్క తప్పింది. యాభై క్వింటాళ్లు ఆరేసరికి నలభై ఏడు చిల్లరకు వచ్చాయి, రెండు క్వింటాళ్లకు పైగా గాల్లో కలిసింది, నేను వేసిన ఎక్సెల్ షీట్‌లో ఆ గడే లేదు. మే నెలలో పట్టిస్తే ముప్పై క్వింటాళ్ల బియ్యం వచ్చింది, తౌడు, నూక మిల్లుకే వదిలేశారు, పట్టిన కూలి కింద. పాతిక కిలోల బస్తాలు నూట ఇరవై. నేను ఊళ్లో ఉన్న పది రోజుల్లో చివరి రెండు రోజులూ బస్తాలు కుట్టడం, డీసీఎం వ్యానుకు ఎక్కించడమే. కిలో అరవైకి ఇచ్చాం, లక్షా ఎనభై వేలు వచ్చింది. నూటికి రూపాయి వడ్డీ చొప్పున ఆరు నెలలకు ఎనిమిదిన్నర వేలు, డీసీఎం కిరాయి, హమాలీ, సంచులు అన్నీ తీసేస్తే సంఘానికి పదహారు వేలు మిగిలింది. పెద్ద మొత్తం కాదని నాకు తెలుసు. కానీ రైతులకు పూర్తి ధర ముట్టింది, అప్పు వడ్డీతో సహా తీరింది, ఆ పైన మిగిలిన డబ్బు అది.

నన్ను చాలామంది అడుగుతున్నారు, మేమేం చేయొచ్చు అని. నాకు తెలిసింది చెబుతాను. ఒకసారి జాలిపడి కొనే వాళ్ల కన్నా నెలనెలా కొనే వాళ్లు కావాలి. మా అపార్ట్‌మెంట్‌లో ముప్పై ఇళ్లు ముందే సగం డబ్బు ఇస్తామన్నాయి, దాని వల్ల ఈసారి అప్పు సగానికి తగ్గుతుంది. కంప్యూటర్ తెలిసిన వాళ్లు ఫుడ్ లైసెన్స్ అప్లికేషన్ నింపి పెట్టండి, సంఘానికి పనికొచ్చేలా లెక్కల షీట్ తయారుచేసి ఇవ్వండి, ఊరికి వెళ్లినప్పుడు ఒక పూట వాళ్ల పుస్తకాలతో కూర్చోండి. బేరం ఆడకండి. ఇంకొకటి, దయచేసి అడగకుండా మిషన్లు ఇవ్వకండి. కొన్నేళ్ల కింద ఎవరో దాతలు మా సంఘానికి కారం పట్టే మిషన్ ఇచ్చారు, రిబ్బన్ కట్ చేసి ఫోటోలు దిగారు. త్రీ ఫేజ్ మోటారు అది, సంఘం భవనానికి ఉన్నది సింగిల్ ఫేజ్ మీటరు. ఒక్క రోజు కూడా తిరగలేదు, దాని మీద ఇప్పుడు పాత రిజిస్టర్లు పెడుతున్నారు. ఏం కావాలని అడిగి ఉంటే టార్పాలిన్లు కావాలని చెప్పేవాళ్లు. మంచి టార్పాలిన్లు, చిరగనివి. నేను ఉన్నప్పుడే ఒక రాత్రి గాలివాన వచ్చి, ఉన్న కవర్లు లేచిపోయి, కుప్పల కింద నుంచి నీళ్లు పోయాయి. రాత్రి పన్నెండింటికి టార్చి లైట్లతో ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు తట్టలతో నీళ్లు తోడడం చూశాను. పొద్దునకు రెండు కుప్పలు అడుగున మొలకెత్తడానికి సిద్ధంగా ఉబ్బి ఉన్నాయి. పెద్దమ్మ ఏమీ మాట్లాడలేదు, చీర కుచ్చిళ్లు దోపుకుని తడిసిన వడ్లు వేరే పట్టా మీదికి ఎత్తడం మొదలుపెట్టింది.

తాకట్టు లేకుండా సంఘాలకు 20 లక్షల దాకా అప్పు ఇవ్వొచ్చని నియమం ఉంది. ఇస్తున్నారు కూడా. అప్పు చెడ్డదని నేను అనడం లేదు, మా లక్షన్నర కూడా అప్పే. ఆ అప్పు వెనక వడ్లు, గోదాం, కొనే మనిషి ఉన్నారు కాబట్టి అది తీరింది.

మొన్న ఆదివారం పెద్దమ్మ ఫోన్ చేసింది. 2025 వానాకాలానికి మద్దతు ధర 2,389 అయింది, బోనస్ కలిపితే 2,889. వంద క్వింటాళ్లు కొందామంటోంది, అంటే 2,88,900 కావాలి, ఆరబెడితే పోయే తూకం ఈసారి తనే ముందు లెక్క కట్టి చెప్పింది. సంఘం సొంతంగా ఇంకో మ్యాచర్ మిషన్ కొన్నారు. బాకీ ఉన్న కమిషన్‌లో ఒక సీజన్‌ది వచ్చింది, రెండోది రాలేదు. దాచడానికి పాత బడి గది ఒకటి చూశారు, కప్పు మీద నాలుగు రేకులు మార్చాలి, పంచాయతీలో అడగాలి. వచ్చే శనివారం నేను వెళ్తున్నాను, రేకుల కొలతలు తీసుకోవడానికి.